సర్క్యూట్‌కొక ఆర్‌సిబిఓ: ఖర్చు ఎక్కువే, కానీ తీసేయబుద్ధి కాదు

ఇంటి వెనక షెడ్డు, సింగిల్ ఫేజు, 5 కిలోవాట్ల సర్వీసు. చెక్కపని ఎక్కువ, ఇనుప పని అప్పుడప్పుడు. లైట్లకు ఒకటిన్నర చదరపు ఎంఎం వైరు, ప్లగ్గులకు రెండున్నర వైరు, మంచి ఎర్త్ గుంత... ఇవి ఎవరైనా చెప్తారు. కొన్నేళ్లు వాడాక చెప్పాలనిపించేది ఒక్క విషయమే. షెడ్డు మొత్తానికి ఒకే ఆర్‌సిసిబి (ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రాకపోతే, అంటే లీకైతే, పడిపోయే స్విచ్చు) పెట్టి దాని కింద ఎంసిబిలు (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చులు) వరసగా బిగించకుండా, ప్లగ్గుల సర్క్యూట్‌కొక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిబిఓ (ఆ రెండు పనులూ ఒక్కటే చేసే స్విచ్చు) పెట్టించడం. లైట్లు మాత్రం షెడ్డు డిబితో (ఈ స్విచ్చులన్నీ బిగించే పెట్టె) సంబంధం లేకుండా ఇంట్లోని డిబి నుంచి నేరుగా వస్తాయి. రంపం తిరుగుతుండగా ఏదో ఒకటి ట్రిప్ అయితే మెషీన్‌కు కరెంటు పోతుంది కానీ పళ్ల చక్రం ఇంకా కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఆ కొన్ని సెకన్లూ చీకట్లో ఉండకూడదు.

దీని విలువ తెలిసింది ఒక వానాకాలంలో. బల్ల వెంబడి ఉన్న 16 ఆంప్స్ ప్లగ్గుల లైను ట్రిప్ అవడం మొదలైంది. చిన్న డ్రిల్లు పెడితే నిలబడేది, ఇనుము కోసే కట్ ఆఫ్ మెషీన్ నొక్కితే పడిపోయేది. ఇలాంటప్పుడు అందరి వేలూ మెషీన్ మీదికే వెళ్తుంది. ఆర్మేచర్‌లో (మోటారులో తిరిగే భాగం) కార్బన్ పొడి చేరిందనో, తడి ఎక్కిందనో అంటారు. కానీ ప్లగ్గులన్నీ పీకేసినా, ఇంట్లో బోరు మోటారు వేయగానే షెడ్డులోని ఆ ఒక్క ఆర్‌సిబిఓ పడిపోవడంతో మెషీన్ల మీద అనుమానం తీరిపోయింది. లోడు లేని లైను పక్కింటి మోటారుకో, బోరు మోటారుకో స్పందిస్తోందంటే న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌ను తాకుతున్నట్టే.

కారణం ఇదీ. సర్వీసు న్యూట్రల్‌లో పెద్ద లోడు కరెంటు పారినప్పుడు, మన డిబిలోని న్యూట్రల్ బార్ భూమి కంటే ఒకటి రెండు వోల్టులు పైకి లేస్తుంది. తాకిన చోటు నుంచి ఎర్త్ గుంత దాకా ఐదారు ఓమ్‌లు ఉన్నాయనుకున్నా, అటుగా వందకు పైగా మిల్లీ ఆంపియర్లు దారి మళ్లుతాయి. ఆర్‌సిబిఓకు 30 చాలు. ఎంసిబికి ఇది ఏనాటికీ కనపడదు, ఎందుకంటే ఫేజులో కరెంటు పెరగలేదు. అలాగే వదిలేస్తే, ఎప్పుడైనా సర్వీసు న్యూట్రల్ తెగినప్పుడు లోడంతా ఎర్త్ వైరు మీదుగానే పోయే ప్రయత్నం చేస్తుంది. అప్పుడు మెషీన్ బాడీలకు ఎక్కే వోల్టేజీ ఊహించుకోండి.

వెతికిన పద్ధతి: మెయిన్ ఆపి, ఆ సర్క్యూట్ ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఆర్‌సిబిఓ కింది నుంచి విప్పాలి. లేకపోతే మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఇచ్చే 500 వోల్టులకు ఆర్‌సిబిఓ లోపలి ఎలక్ట్రానిక్స్ దెబ్బతినవచ్చు. ఫేజు–ఎర్త్ మధ్య రీడింగ్ బాగానే ఉంది. న్యూట్రల్–ఎర్త్ మధ్య కనీసం 1 మెగా ఓమ్ ఉండాల్సిన చోట దాదాపు సున్నా. వరసలో మధ్య బాక్సు విప్పి, న్యూట్రల్ జాయింటు విడదీసి, ఏ సగంలో తప్పుందో చూసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోతే మూడో బాక్సు దగ్గర దొరికింది. ఇనుప బాక్సులో పైపు కోసం కొట్టిన రంధ్రం అంచు కత్తిలా ఉంది. బరువైన త్రీ పిన్ టాప్ పెట్టి తీసిన ప్రతిసారీ ప్లేటు కదిలి, ఆ అంచు నల్ల వైరు (న్యూట్రల్) తొడుగును కోసేసింది. తడికి మిగతా పని అయిపోయింది. కోసుకుపోయిన ముక్క మార్చి, రంధ్రానికి రబ్బరు బుష్ వేశాక ట్రిప్ అవడం పోయింది. కొత్తగా చేయించేవాళ్లు ఇనుప బాక్సుల్లోని ప్రతి రంధ్రానికీ బుష్ అడిగి వేయించుకోండి. దాని ఖరీదు కొన్ని రూపాయలే.

ఈ తప్పు వెతికి సరిచేసిన రెండు రోజులూ రంపం, వెల్డింగ్ మామూలుగా నడిచాయి. ఒకే ఆర్‌సిసిబి ఉండుంటే షెడ్డంతా ఆగేది. "ఇది ఊరికే కొట్టేస్తోంది సార్, తీసేసి డైరెక్ట్ చేసేద్దాం" అనే మాట వినాల్సి వచ్చేది. ఎన్నో ఇళ్లలో ఆర్‌సిసిబి బైపాస్ అయ్యేది ఇలాగే.

ఇంతా పొగిడాక కొన్ని సర్దుబాట్లు. 2 హెచ్‌పి కంప్రెసర్‌కు ఇది కుదరలేదు. సి కర్వ్ (స్టార్టింగ్‌లో ఒక్కసారిగా లాగే కరెంటును కొంతవరకే ఓర్చుకునే రకం) 16 ఆంప్స్ ఆర్‌సిబిఓ స్టార్టింగ్‌లో పడిపోతుండేది. మోటారు ఆగినప్పుడు బుస్సుమని గాలి వదిలే అన్‌లోడర్ సరిగా ఉందో లేదో ముందు చూసుకోవాలి. అది బాగానే ఉన్నా, సాయంత్రం వోల్టేజీ తగ్గినప్పుడు గండమే. అంతకంటే ఎక్కువ ఓర్చుకునే డి కర్వ్‌లో ఆర్‌సిబిఓ మా ఊరి కొట్లలో దొరకలేదు. చివరికి ఆ ఒక్కదానికి డి కర్వ్ ఎంసిబి, దానికి విడిగా ఆర్‌సిసిబి.

వెల్డింగ్ ఇన్వర్టర్ ఉన్న లైనుకు ఎ టైప్ ఆర్‌సిబిఓ (మామూలు ఎసి లీకేజీతో పాటు సగం తరంగాల లీకేజీని కూడా పట్టేది) అడగండి. కొట్టువాడు చేతికిచ్చేది మామూలుగా ఎసి టైప్. ముందు భాగంలో ఒక్క తరంగం గుర్తే ఉంటే ఎసి, దాని కింద సగం తరంగాల గుర్తు కూడా ఉంటే ఎ. 3.15 రాడ్డుతో 100 ఆంపియర్ల దగ్గర పనిచేస్తే లైను నుంచి లాగేది 18 దాకా ఉంటుంది కనుక నాలుగు చదరపు ఎంఎం వైరు, 25 ఆంప్స్ ఆర్‌సిబిఓ సరిపోయాయి. రాడ్డు లావు పెంచేవాళ్ల లెక్క వేరు.

సన్నగా డిబిలో ఒకే గడిలో పట్టే రకం ఆర్‌సిబిఓల్లో కొన్ని ఫేజును మాత్రమే తెంచుతాయి. పైన చెప్పిన న్యూట్రల్ తప్పు వాటితో పూర్తిగా విడిపోదు. రెండు పోల్స్ (ఫేజు, న్యూట్రల్) తెంచేదే తీసుకోండి. నేను వాడినది ఒక్కోటి రెండు గడులు తీసుకుంటుంది, అందుకే 8 వే డిబి చాలక 12 వే పెట్టాల్సి వచ్చింది. ఒక్కోదాని ధరకు అర డజను ఎంసిబిలు వస్తాయి. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కడం మంచిదే, అయితే అది లోపలి మెకానిజాన్నే పరీక్షిస్తుంది, ఎర్త్ గుంత సంగతి దానికి తెలియదు.

ఒక డ్రిల్లు, ఒక గ్రైండర్ మాత్రమే ఉన్నవాళ్లకు ఇంత అక్కర్లేదు. ఒకే ఆర్‌సిబిఓ, లైట్లు విడిగా, అంతే. అద్దె షెడ్డయితే డబ్బు గోడలో పోయకండి, డిబి, పైపులు పైపైనే బిగించుకుంటే వెళ్లేటప్పుడు విప్పుకుపోవచ్చు. త్రీ ఫేజు ఉన్నవాళ్లకు నా అనుభవం పెద్దగా పనికిరాదు.