శాలిహుండం మ్యూజియం: ముందు కొండ, తరువాతే విగ్రహాలు

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లేవారిలో చాలామంది సముద్రం చూసి వెనుదిరుగుతారు. గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న ప్రాచీన బౌద్ధ క్షేత్రం శాలిహుండానికి కూడా ఒక పూట కేటాయించమని నా సలహా. అక్కడి మ్యూజియం చిన్నది. విగ్రహాల పేర్లు మాత్రమే చదువుకుంటూ పోయేవారికి పావుగంటలో అయిపోతుంది. అందుకే దానిని కొండ ఎక్కి దిగిన తరువాతే చూడాలి.

వంశధార ఒడ్డునే పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి 1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చారు. వ్యావహారిక భాషోద్యమం వల్ల, సవర భాషకు చేసిన సేవ వల్ల ఆయనను స్మరించే మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవారు తక్కువే. కొండ మీద చైత్యాల (బౌద్ధుల ప్రార్థనా మందిరాల), స్తూపాల పునాదులు ఉన్నాయి. వాటిలో చక్రాకారపు ఇటుక పునాదిని తీరికగా పరిశీలించాలి. నడిమి నుంచి బండి చక్రపు ఆకుల్లా గోడలు కట్టి, వాటి మధ్య ఖాళీలను మట్టితో నింపే ఈ పద్ధతిలో ఇటుక ఆదా అవుతుంది, పైనున్న బరువు నలువైపులా సర్దుకుంటుంది. ధర్మచక్రం ఆకారం కూడా అందులోనే ఇమిడిపోతుంది.

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్దం దాకా సాగిన క్షేత్రమని చెప్పే ఈ చోట బౌద్ధం ఎంత మారిందో మ్యూజియంలోని తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూపుతాయి. స్తూపాన్ని పూజించిన కొండ మీదికే కాలక్రమంలో బౌద్ధంలోని మహాయాన, వజ్రయాన శాఖల దేవతలు వచ్చి చేరారు. నీటి గండంతో సహా అష్ట మహాభయాల నుంచి తార కాపాడుతుందని బౌద్ధుల నమ్మకం. నది సముద్రంలో కలిసే చోట ఉన్న పాత రేవు కళింగపట్నానికి ఇంత దగ్గరలో ఆమె కొలువు ఉండడం నాకు ఎంతో సహజంగా తోచింది. సూర్యుడికి ఏడు గుర్రాలున్నట్టు మారీచి రథానికి ఏడు పందులుంటాయని, ఆమె ముఖాల్లో ఒకటి వరాహ ముఖమని ముందే తెలుసుకుని వెళితే, ఆ విగ్రహం ముందు పిల్లలు కూడా కాసేపు నిలబడతారు.

సొంత వాహనం ఉంటే మేలు. ఎండ ముదరక ముందే కొండ ఎక్కండి, తాగునీరు వెంట ఉంచుకోండి. సముద్రతీరాన్ని సాయంత్రానికి అట్టిపెట్టుకుంటే రెండూ ఒకే రోజున హాయిగా చూడవచ్చు.