బెర్లిన్ డిజిటల్ కాన్సర్ట్ హాల్: పాలమూరులో కూర్చుని కండక్టర్ పని ఎంత నేర్చుకోవచ్చు?

పాలమూరులో కండక్టర్ అంటే ముందు ఆర్టీసీ బస్సే గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది ఆ కండక్టర్ గురించి కాదు. ఎనభై మంది వాద్యకారుల ముందు నిలబడి, తాను ఒక్క స్వరమూ వాయించకుండా, అందరి చేతా ఒకే ఊపులో వాయింపించే మనిషి గురించి. టికెట్ మాత్రం ఇక్కడా మనమే కొనాలి, అదీ యూరోల్లో.

డిజిటల్ కాన్సర్ట్ హాల్ అనేది బెర్లిన్ ఫిల్హార్మొనిక్ ఆర్కెస్ట్రా 2008 చివర్లో మొదలుపెట్టిన సొంత వీడియో సర్వీసు. కచేరీలు లైవ్‌గా వస్తాయి, తర్వాత ఆర్కైవ్‌లో చేరతాయి. ఫోన్‌కూ స్మార్ట్ టీవీకీ యాప్ ఉంది. సంగీతం వినడానికి ఎంత బాగుంటుందో చెప్పే రివ్యూలు చాలానే ఉన్నాయి కాబట్టి ఆ జోలికి పోవడం లేదు. మహబూబ్‌నగర్, వనపర్తి, నల్లగొండ వైపు చర్చి క్వయర్ నడిపేవాళ్లకు, స్కూల్ బ్యాండ్ నేర్పేవాళ్లకు, ఈ దారిలో ఇంకా ముందుకు పోవాలనుకునే పిల్లలకు ఇది పనికొస్తుందా అన్నదే లెక్క. చేతి పని చూసి నేర్చుకోవడానికి డబ్బులు పెట్టొచ్చు. కండక్టర్ ఎలా తయారవుతాడో తెలుసుకోవడానికైతే దీనితో పాటు వేరే సరంజామా కూడా కావాలి, అందులో ఎక్కువ భాగం ఉచితంగానే దొరుకుతుంది.

డబ్బులు పెట్టొచ్చు అనడానికి కారణం కెమెరా. హాల్లో కూర్చున్న ప్రేక్షకుడికి మామూలుగా కండక్టర్ వీపే కనిపిస్తుంది. ఈ సర్వీసులో దూరం నుంచి నడిపే కెమెరాలు ఆర్కెస్ట్రా వెనక వైపు కూడా ఉంటాయి కాబట్టి వాద్యకారుడి కంటికి కనబడేదే మనకూ కనబడుతుంది: ముఖం, కళ్లు, ఎడమ చెయ్యి, అన్నిటికంటే ముఖ్యంగా ఊపిరి పీల్చే తీరు. ఈ ఆర్కెస్ట్రా వాయించే, 1963లో తెరిచిన ఫిల్హార్మొనీ హాలు కట్టడమే అలా ఉంటుంది. హాన్స్ షరూన్ అనే ఆర్కిటెక్ట్ వేదికను మధ్యలో పెట్టి చుట్టూ సీట్లు వేశాడు. ఆర్కెస్ట్రా వెనక సీట్లలో కూర్చున్నవాళ్లకు కండక్టర్ ఎదురుగానే ఉంటాడు.

ఇబ్బంది ఏమిటంటే, వీడియో ఎడిటర్ మన కోసం పని చేయడు. ఓబో అనే ఊదే వాద్యం సోలో వస్తే కెమెరా ఓబో మీదికి పోతుంది. మనకు కావలసింది ఆ సోలో మొదలయ్యే అర క్షణం ముందు కండక్టర్ ఏం చేశాడన్నది. అది చాలాసార్లు తప్పిపోతుంది. అందుకే ఒకే కృతిని ఇద్దరు ముగ్గురు కండక్టర్ల చేతుల్లో చూడాలి. ఒకరి వీడియోలో తప్పిన చోటు ఇంకొకరి వీడియోలో దొరుకుతుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం పక్కన పెట్టండి. వాటిలో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది, 0.2 సెకన్ల వరకు కావడం మామూలే. చాలా ఫోన్లు వీడియోను కూడా అంతే ఆపి సర్దేస్తాయి, టీవీకి తగిలించిన బ్లూటూత్ స్పీకర్ దగ్గర ఆ సర్దుబాటు తరచూ తప్పుతుంది. సినిమా చూడడానికి అదేం పెద్ద విషయం కాదు. కండక్టింగ్ చూసేవాడికి మాత్రం మొత్తం పాడైపోతుంది. జర్మన్ ఆర్కెస్ట్రాలు కండక్టర్ చెయ్యి కింద తగిలిన క్షణానికి కాకుండా కొంచెం ఆగి వాయిస్తాయన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన మాట. ఆ జాప్యం ఆర్కెస్ట్రాదా, మన స్పీకర్‌దా తేలకపోతే నేర్చుకునేదంతా తప్పే. వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడండి. ఫోన్ స్పీకర్‌లో డబుల్ బాస్ అసలు వినబడదు, అది వేరే సంగతి.

ఉట్టిగా చూస్తే పది నిమిషాల్లో నిద్ర వస్తుంది, చేతిలో స్కోరు ఉండాలి. అన్ని వాద్యాల స్వరాలూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి రాసి ఉండేదే స్కోరు. పైన ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్. వాటి కింద హార్న్, ట్రంపెట్. ఆ కింద డ్రమ్ములు. అట్టడుగున వయొలిన్లు మొదలుకొని డబుల్ బాస్ దాకా. కాపీరైట్ తీరిన స్కోర్లు ఐఎంఎస్‌ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోన్ తెర మీద చదవడం కుదరదు, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోండి. బేతోవెన్‌కు ఏ-4 సరిపోతుంది. పెద్ద ఆర్కెస్ట్రాలకు రాసిన మాలర్‌కు ఏ-3 లేకపోతే గీతలన్నీ చీమల బారులా కనిపిస్తాయి. క్లారినెట్ వరుస చదివేటప్పుడు జాగ్రత్త: బి-ఫ్లాట్ క్లారినెట్‌కు సి అని రాసి ఉంటే వినబడేది బి-ఫ్లాట్. బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదేవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు, కీబోర్డు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు.

మొదటి పాఠానికి బేతోవెన్ అయిదో సింఫనీలో మొదటి అయిదు బార్లు (స్కోరులో నిలువు గీతల మధ్య గళ్లు, ఒక్కో గడి తాళంలో ఒక ఆవృత్తి) చాలు. అందరికీ తెలిసిన 'డడడ డాం' అదే. తాళం 2/4, అంటే బారుకు రెండు బీట్లు, కానీ వేగం బాగా ఎక్కువ. బేతోవెన్ ఇచ్చిన మెట్రోనోమ్ లెక్క నిమిషానికి 108 బార్లు, అంటే ఒక్కో బారు అర సెకను పైచిలుకు. కాబట్టి బారుకు ఒకే బీటు కొడతారు. చిక్కు ఏమిటంటే ఆ మొదటి బీటు మీద స్వరం లేదు, ఖాళీ ఉంది. ఖాళీ తర్వాత మూడు స్వరాలు రావాలి, స్ట్రింగ్స్‌తో (తీగ వాద్యాలతో) పాటు క్లారినెట్లు కూడా. కండక్టర్ చెయ్యి ఎత్తే కదలికలోనే వేగం తెలియాలి, లేకపోతే మొదటి స్వరమే చిందరవందర. రెండో బారులో, అయిదో బారులో స్వరాన్ని ఆపి పట్టే ఫెర్మాటా గుర్తులు ఉంటాయి. రెండోసారి ఆపే స్వరానికి ముందు ఒక బారు అదనంగా ఉంది కాబట్టి అది ఇంకా పొడుగు. ఆ పట్టును ఎలా తెంపుతారో, తెంపే కదలికతోనే తర్వాతి ఎత్తుగడ ఇస్తారా లేక మళ్లీ చెయ్యి ఎత్తుతారా, అదొక్కటే గమనించండి. ముగ్గురు కండక్టర్లను చూస్తే మూడు పద్ధతులు కనిపించినా ఆశ్చర్యం లేదు. ఈ అయిదు బార్ల మీద ఒక సాయంత్రం గడిచిపోతుంది.

మన క్వయర్లకు దీంతో పని ఏమిటంటే, చాలా చోట్ల కీబోర్డులో ఆటో రిథమ్ పెట్టి పాడిస్తారు. వేగం మిషన్ చేతిలో ఉంటుంది, ముందు నిలబడినవాడు చేతులూపుతూ దాని వెనక పోతుంటాడు. అది కండక్టింగ్ కాదు. రిథమ్ ఆపేసి, చేతి ఎత్తుగడతోనే పాట మొదలుపెట్టించి చూడండి, అప్పుడు తెలుస్తుంది ఎవరు ఎవరిని నడుపుతున్నారో. నిజానికి పెళ్లి బ్యాండు మాస్టారు ఇంకా నయం. క్లారినెట్టో ట్రంపెటో ఊదుతూనే తల ఊపుతో, భుజం కదలికతో జట్టును తిప్పుతాడు. కర్ర పట్టుకునే కండక్టర్లు రాకముందు యూరప్‌లోనూ మొదటి వయొలిన్ మీదున్నవాడో, కీబోర్డు మీదున్నవాడో అలాగే నడిపేవాడు.

ఇక కెరీర్ సంగతి. ఈ ఆర్కెస్ట్రా తన ప్రధాన కండక్టర్‌ను వాద్యకారుల ఓట్లతో ఎన్నుకుంటుంది. ఇప్పుడున్న కిరిల్ పెట్రెంకోను 2015లో ఎన్నుకున్నారు, 2019లో బాధ్యత తీసుకున్నాడు. ఆయన కచేరీలు ఆర్కైవ్‌లో చూసేటప్పుడు వెనకున్న మెట్లు కూడా తెలిస్తే బాగుంటుంది: వియన్నాలో చదువు, అక్కడే ఫోక్సోపర్ అనే ఒపెరా (పాటలతో నడిచే నాటకం) థియేటర్‌లో కపెల్‌మైస్టర్ (థియేటర్ కండక్టర్) ఉద్యోగం, 1999 నుంచి మైనింగెన్ అనే చిన్న ఊరి థియేటర్‌కు సంగీత దర్శకత్వం, 2001లో ఆ చిన్న ఊర్లోనే వాగ్నర్ నాలుగు ఒపెరాల 'రింగ్' వరసగా నాలుగు రోజుల్లో నడిపించడం, తర్వాత బెర్లిన్‌లో కోమిషె ఒపెర్, 2013 నుంచి మ్యూనిక్‌లో బవేరియన్ స్టేట్ ఒపెరా. జర్మన్ దేశాల్లో పాత దారి ఇదే. కరయన్ కూడా 1929లో ఉల్మ్ అనే చిన్న ఊరి ఒపెరాలో మొదలుపెట్టి, ఆహెన్ మీదుగా 1955లో ఈ బెర్లిన్ ఆర్కెస్ట్రాకు ప్రధాన కండక్టరయ్యాడు.

ఆ దారిలో మొదటి మెట్టుకు బేటన్ (కండక్టర్ చేతి కర్ర) ఉండదు, పియానో ఉంటుంది. రెపెటిటర్ అంటారు. ఒపెరా గాయకులకు పాత్ర నేర్పడం, ఆర్కెస్ట్రా మొత్తం వాయించేదాన్ని పియానో మీద కుదించి వాయించడం, రిహార్సల్‌లో రాని గాయకుడి వరుస తనే గొంతెత్తి పాడటం, తెర వెనక కోరస్‌కు తాళం వేయడం, ఇవన్నీ అతని పనే. పెద్దాయనకు జ్వరం వచ్చిన రోజు కర్ర చేతికొస్తుంది. ఆంటోనియో పపానో ఈ పని నుంచి ఎదిగినవాడే: న్యూయార్క్ సిటీ ఒపెరాలో పియానో, బైరాయిట్ వాగ్నర్ ఉత్సవంలో కండక్టర్ బారెన్‌బాయిమ్‌కు సహాయకుడు, చివరికి 2002 నుంచి 2024 దాకా లండన్ రాయల్ ఒపెరాకు సంగీత దర్శకుడు.

రెండో దారి పోటీలది. సైమన్ రాటిల్ 1974లో పంతొమ్మిదేళ్లకు జాన్ ప్లేయర్ పోటీ గెలిచి, 1980 నుంచి బర్మింగ్‌హామ్ ఆర్కెస్ట్రాను పద్దెనిమిదేళ్లు పెంచి, 2002లో బెర్లిన్‌కు వచ్చాడు. గుస్తావో డుడామెల్ 2004లో బాంబెర్గ్‌లో జరిగిన మొదటి మాలర్ పోటీ విజేత. మనవాడు జుబిన్ మెహతా 1954లో ముంబయి నుంచి వియన్నా వెళ్లి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చదివాడు, అక్కడ వాయించిన వాద్యం డబుల్ బాస్. 1958లో లివర్‌పూల్ పోటీ గెలిస్తే దక్కింది ఏడాది సహాయక కండక్టర్ ఉద్యోగం. పోటీల్లో అసలు బహుమానం సాధారణంగా ఇదే, ఆర్కెస్ట్రా ముందు నిలబడే గంటలు. డబ్బు తర్వాతి సంగతి. బెర్లిన్ ఆర్కైవ్‌లో మెహతా కచేరీలూ ఉన్నాయి. వృద్ధాప్యంలో ఆయన చెయ్యి ఎంత చిన్నగా కదులుతుందో చూడండి, కుర్రవాళ్లకు అది పెద్ద పాఠం.

ఈ సర్వీసులో ప్రధానంగా కనబడేది పూర్తయిన కచేరీ. రిహార్సల్ కనబడేది తక్కువ. మామూలు ప్రోగ్రామ్‌కు మూడు నాలుగు రిహార్సళ్లు, ఒక ఫైనల్ రిహార్సల్ ఉంటాయి. కండక్టర్ జీతం నిజంగా సంపాదించుకునేది అక్కడ. ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఆపకుండా పోనివ్వాలి, రెండో వయొలిన్లకు ఏ మాట చెబితే విల్లు మారుతుంది, ఇవి కచేరీ వీడియోలో దొరకవు. కొంత లోటు ఇంటర్వ్యూలు తీరుస్తాయి. ఆర్కెస్ట్రా సభ్యులే కండక్టర్లను ప్రశ్నలు అడుగుతారు కాబట్టి పొగడ్తల కంటే పని మాటలు ఎక్కువ. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లిషుతో నెట్టుకురావాలి.

ఒపెరా కోసం ఇది కొనొద్దు. స్టేజీ ఒపెరాలకు ఒపెరావిజన్ వెబ్‌సైట్ ఉచితం, సబ్‌టైటిల్స్ కూడా ఇస్తుంది. అయితే అక్కడ కండక్టర్ స్టేజీ ముందు గోతిలాంటి పిట్‌లో ఉంటాడు, ప్రారంభ సంగీతం అప్పుడు తప్ప దాదాపు కనిపించడు. స్టేజీ మీద గాయకులకు పక్కనున్న టీవీ తెరల్లో అతను కనిపిస్తాడు, మనకు కాదు. అందుకని అక్కడ చెవితో పని: గాయని పొడుగు స్వరం పట్టి ఊపిరి తీసుకునే చోట ఆర్కెస్ట్రా ఆగిందా, తోసుకుపోయిందా? పియానోతో వారాల తరబడి రిహార్సళ్లు, తర్వాత గాయకులూ ఆర్కెస్ట్రా కలిసి నటన లేకుండా కూర్చుని చేసే 'జిట్స్‌ప్రోబె', అవన్నీ అయ్యాకే ఆ ఒక్క ఊపిరి కుదురుతుంది. పపానో పియానో దగ్గర కూర్చుని ఒపెరాలను విడమరచి చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. మా దృష్టిలో ఒపెరా కండక్టర్ కావాలనుకునేవాళ్లకు డబ్బు పెట్టి కొనే కచేరీల కంటే అవే ముందు.

నిజంగా ఈ చదువుకు పోవాలనుకునేవాళ్లు ముందు గట్టి పియానో నేర్చుకోవాలి. లండన్ సంస్థలైన ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎంల సంగీత పరీక్షలు హైదరాబాద్‌లో రాయొచ్చు. యూరప్ సంగీత విశ్వవిద్యాలయాల కండక్టింగ్ ప్రవేశ పరీక్షల్లో సాధారణంగా పియానో వాయించాలి, స్కోరు చూసి పియానో మీద పలికించాలి, విన్న స్వరాలు రాయాలి. బేటన్ ఊపు అన్నిటికంటే చివర. జర్మనీ, ఆస్ట్రియా అయితే జర్మన్ భాష కూడా. ఆటో రిథమ్ కీబోర్డు మీద రెండు వేళ్లతో శ్రుతి పట్టే అలవాటు అక్కడ ఒక్క నిమిషం నిలవదు.

కొనేముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, కొత్త కార్డుల్లో అవి ఆపేసే వస్తాయి. యూరో మార్పిడికి బ్యాంకు కోసుకునే శాతం, దాని మీద జీఎస్టీ కలిపి లెక్క వేసుకోండి. హెచ్‌డీలో గంటకు రెండు మూడు జీబీ పోతుంది, రోజుకు రెండు జీబీ ప్యాక్ మీద ఒక కచేరీ పూర్తి కాదు. ఇంట్లో ఫైబర్ లేకపోతే క్వాలిటీ తగ్గించండి, చేతుల కదలిక అప్పుడూ తెలుస్తుంది. లైవ్ మీద ఆశ పెట్టుకోకండి. బెర్లిన్‌లో రాత్రి 8 అంటే చలికాలంలో మనకు రాత్రి 12:30, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా 11:30. ఏడాది టికెట్ వద్దు. స్కోరు ముందే ప్రింటు తీయించి, ఒక్క కృతి ఎంచుకుని, పరీక్షలు లేని నెల చూసి ఒక్క నెలకే కొనండి. ఆటోమేటిక్ రెన్యువల్ ఉందేమో కొన్న రోజే చూసి ఆపేయండి.