ఫ్రీబీఎస్‌డీలో కెర్నల్ మెమరీ పరిమితులు: పదేళ్ళకు పైగా వాడిన అనుభవం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాజువాకలో నేను కంప్యూటర్ల బాధ్యత చూసే ఒక చిన్న ఫాబ్రికేషన్ డ్రాయింగుల ఆఫీసుకు కరెంటు తిరిగి వచ్చేసరికి రెండు హార్డ్ డిస్కులు పాడైపోయి ఉన్నాయి. మూడో డిస్కు పని చేస్తున్నట్టే కనిపించినా, అందులోని కొన్ని డ్రాయింగులు తెరిస్తే సగం గీతలు మాయమయ్యేవి. చదివిన ప్రతి బ్లాకునూ చెక్‌సమ్‌తో (డేటా మారిపోతే పట్టిచ్చే అంకెతో) సరిచూసే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థ కోసం ఆ శీతాకాలంలోనే యునిక్స్ కుటుంబపు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఫ్రీబీఎస్‌డీ 9.3కి మారాను. దానితో పాటు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) మెమరీ పరిమితులను చేత్తో అమర్చుకోవలసిన పని కూడా నెత్తిన పడింది. ఆ అమరికలను మూడు రకాల యంత్రాల మీద ఏళ్ళ తరబడి వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటి యంత్రం 1 జీబీ ర్యామ్ ఉన్న పాత పెంటియం 4. 32 బిట్ల వ్యవస్థలో మొత్తం చిరునామాల పరిధి 4 జీబీ మాత్రమే, అందులో అప్పటి ఫ్రీబీఎస్‌డీ కెర్నల్‌కు దక్కేది 1 జీబీ. ఆ 1 జీబీలో కూడా కెర్నల్ తన అవసరాలకు ఎప్పటికప్పుడు తీసుకునే కేమెమ్ అనే భాగానికి విడిగా ఒక గరిష్ఠ పరిమితి ఉండేది. డిస్కు నుంచి చదివినవాటిని మళ్ళీ త్వరగా ఇవ్వడానికి మెమరీలో దాచుకునే కాషే అయిన ఏఆర్‌సీని జెడ్‌ఎఫ్‌ఎస్ ఆ భాగంలోనే పెట్టుకునేది. నాలుగో రోజు సాయంత్రం, ఆఫీసువారు రోజు పనిని సేవ్ చేస్తున్న వేళ, యంత్రం ఆగిపోయి తెర మీద "కేమెమ్ మ్యాప్ టూ స్మాల్" అన్న పానిక్ (కెర్నల్ ఇక నడవలేక ఆగిపోవడం) సందేశం కనిపించింది. కెర్నల్ అడిగి దొరకబుచ్చుకోలేకపోయిన పరిమాణం ఆ వరుసలోనే ఉంది: 131072 బైట్లు. అంటే సరిగ్గా 128 కేబీ, జెడ్‌ఎఫ్‌ఎస్ డిఫాల్ట్ రికార్డు పరిమాణం. ఆ అంకెను గుర్తుపట్టడంతో నాకు సగం సంగతి అర్థమైంది. కేమెమ్‌లో చోటు అసలే లేకపోవడం ఒక్కటే కారణం కాదు, 128 కేబీ ఒకేచోట వరుసగా దొరకకపోయినా ఇదే జరుగుతుంది. పెళ్ళి పంక్తిలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఇరవై విస్తళ్ళు ఖాళీగా ఉన్నా, పక్కపక్కన కూర్చుంటామనే ఐదుగురి కుటుంబానికి చోటు దొరకనట్టే.

768 ఎంబీ ర్యామ్ ఉన్న యంత్రానికి ఫ్రీబీఎస్‌డీ హ్యాండ్‌బుక్ ఉదాహరణగా ఇచ్చిన అంకెలనే నేను బూట్ సమయంలో చదివే లోడర్ కాన్ఫ్ ఫైలులో పెట్టాను: కేమెమ్ సైజుకు, దాని గరిష్ఠానికి 330 ఎంబీ చొప్పున, ఏఆర్‌సీ మ్యాక్స్‌కు (ఏఆర్‌సీ గరిష్ఠానికి) 40 ఎంబీ, డిస్కు కాషేకు 5 ఎంబీ. కెర్నల్ చిరునామా పరిధిని 1 జీబీ నుంచి 2 జీబీకి పెంచడానికి కేవీఏ పేజెస్ విలువను 512గా మార్చి కెర్నల్‌ను మళ్ళీ కంపైల్ చేశాను. ఆ పెంటియం మీద ఆ పనికి ఒక రాత్రంతా పట్టింది. ఆ తరువాత రెండున్నరేళ్ళలో మళ్ళీ పానిక్ రాలేదు. కాషే 40 ఎంబీయే కనుక వేగం తక్కువగా ఉండేది, కానీ డ్రాయింగులు చెక్కుచెదరలేదు. మాకు కావలసింది అదే.

తరువాతి తప్పు పూర్తిగా నాది. 2017లో 8 జీబీ ర్యామ్ ఉన్న 64 బిట్ యంత్రానికి మారినప్పుడు, పాత యంత్రంలో నమ్మకంగా పనిచేసిన లోడర్ కాన్ఫ్‌ను యథాతథంగా కాపీ చేశాను. కొత్త యంత్రం స్థిరంగానే నడిచింది, పానిక్ అన్న మాటే లేదు. ఆఫీసులోని పెద్దాయన మాత్రం "బాబూ, ఫోల్డరు తెరిస్తే పాత మిషన్‌లాగే ఆలోచిస్తోంది" అని రెండుమూడు సార్లు అన్నారు. నేను నెట్‌వర్కు కేబుళ్ళను, స్విచ్చిని అనుమానించి నాలుగు నెలలు గడిపాను. చివరికి ఒకరోజు మెమరీ వాడకం చూపే టాప్ ఆదేశం తెరిస్తే 8 జీబీలో 6 జీబీకి పైగా ఖాళీగా ఉంది, ఏఆర్‌సీ 40 ఎంబీ దగ్గర బిగుసుకుపోయి ఉంది. 64 బిట్ ఫ్రీబీఎస్‌డీలో కేమెమ్ సైజు తనంతట తానే భౌతిక మెమరీకి తగ్గట్టు పెరుగుతుంది, దాన్ని 330 ఎంబీకి కట్టేసింది నా పాత ఫైలే. ఆ వరుసలన్నీ తీసేసి రీబూట్ చేయగానే ఫోల్డర్లు చప్పున తెరుచుకున్నాయి. పరిమితి మరీ ఎక్కువైతే యంత్రం పడిపోయి మనకు తెలుస్తుంది. తక్కువైతే ఏమీ తెలియదు, మనుషులు మాత్రం రోజూ ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఈ రెండో రకం నష్టం గురించి రాసేవారు తక్కువ కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను.

2021 ఏప్రిల్‌లో విడుదలైన 13.0 నుంచి ఫ్రీబీఎస్‌డీ జెడ్‌ఎఫ్‌ఎస్ కొత్త రూపమైన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్‌ను వాడుతోంది. అందులో ఏఆర్‌సీ గరిష్ఠం ర్యామ్‌లో ఎనిమిదింట ఐదు వంతులు గానీ, ర్యామ్ నుంచి 1 జీబీ తీసివేయగా మిగిలినది గానీ, ఏది ఎక్కువైతే అది. 8 జీబీ యంత్రంలో అది 7 జీబీ అవుతుంది. ఫైల్ సర్వరుగా మాత్రమే వాడితే ఈ డిఫాల్ట్ బాగుంటుంది. అదే యంత్రం మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా నడుస్తుంది కనుక నేను ఏఆర్‌సీ మ్యాక్స్‌ను 3 జీబీగా పెట్టాను, రెండేళ్ళు ఏ ఫిర్యాదూ రాలేదు.

2023 వానాకాలంలో ఒక సోమవారం ఉదయం డేటాబేస్ ఆగిపోయి ఉంది. లాగ్‌లో ఆ ప్రాసెస్ పేరు పక్కన "ఫెయిల్డ్ టు రీక్లెయిమ్ మెమరీ" అని ఉంది, అంటే మెమరీని తిరిగి రాబట్టలేక కెర్నలే దాన్ని ఆపేసింది. అమరికలలో నేను ఏ మార్పూ చేయలేదు. గంటసేపు వెతికిన తరువాత బూట్ సందేశాలలో భౌతిక మెమరీ వరుస చూస్తే, 8 జీబీకి బదులు 4 జీబీ అని ఉంది. మూత విప్పి చూస్తే ఒక ర్యామ్ స్టిక్ బంగారు రంగు కాంటాక్టుల మీద మసకగా పొర పట్టి ఉంది. సముద్రపు ఉప్పుగాలి, వానాకాలపు చెమ్మ కలిసి మన ఊళ్ళో ఇనుప గ్రిల్లులకు చేసేదే దానికీ చేశాయి. ఆదివారం కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం ఆ స్టిక్‌ను గుర్తించకుండానే లేచింది. 4 జీబీలో 3 జీబీ దాకా పెరగడానికి ఏఆర్‌సీకి నేనే అనుమతి ఇచ్చి ఉన్నాను, మిగిలిన 1 జీబీలో పోస్ట్‌గ్రెస్, ఫైళ్ళను నెట్‌వర్కులో పంచే సాంబా, బ్యాకప్ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. స్టిక్‌ను రబ్బరుతో తుడిచి పెడితే వారం రోజులు పనిచేసింది, తరువాత ద్వారకానగర్‌లో కొత్తది కొన్నాను.

అప్పటి నుంచి స్థిరమైన అంకెను ఎక్కడా రాయడం లేదు. యంత్రం లేచినప్పుడు అసలు ఎంత ర్యామ్ ఉందో హెచ్‌డబ్ల్యూ ఫిజ్‌మెమ్ విలువ నుంచి చదివి, అందులో మూడో వంతును ఏఆర్‌సీ మ్యాక్స్‌గా పెట్టే నాలుగు వరుసల స్క్రిప్టు రాసుకున్నాను. ఏఆర్‌సీ మ్యాక్స్‌ను నడుస్తున్న వ్యవస్థలోనే మార్చవచ్చు కాబట్టి ఇది సాధ్యమైంది. బూట్ సమయంలో మాత్రమే స్థిరపడే కేమెమ్ సైజుతో ఇలా చేయలేము.

మధురవాడలో నేను చూసే మూడో యంత్రానికి 32 జీబీ ర్యామ్ ఉంది. అందులో ఫ్రీబీఎస్‌డీ సొంత పనిముట్టు బీహైవ్ కింద 8 జీబీ వర్చువల్ మెషీన్ (యంత్రం లోపల నడిచే మరో యంత్రం) ఒకటి నడుస్తుంది. డిఫాల్ట్‌గా ఏఆర్‌సీ 31 జీబీ దాకా వెళ్ళగలదు. అవసరమైతే వెనక్కి ఇస్తుంది గానీ, వర్చువల్ మెషీన్ ఒక్కసారిగా అడిగినప్పుడు అంత వేగంగా ఇవ్వదు, ఆ సందులో స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) నిండుతుంది. 12 జీబీకి తగ్గించాక స్వాప్ వాడకం దాదాపు లేదు. ఆ యంత్రంలో నెట్‌వర్కు బఫర్లను నియంత్రించే ఎన్‌ఎంబీక్లస్టర్స్ విలువను పెంచమని చాలామంది సలహా ఇచ్చారు. నెట్‌స్టాట్ ఎమ్ ఆదేశంలో తిరస్కరించిన అభ్యర్థనల సంఖ్య ఇప్పటికీ సున్నాయే, అందుకని దాన్ని ముట్టుకోలేదు.

కెర్నల్ లోపలి వాడకాన్ని చూపించే పనిముట్ల విషయంలో ఫ్రీబీఎస్‌డీ మీద నాకు నిజమైన గౌరవం ఉంది. వీఎంస్టాట్ జెడ్ ఆదేశం ఇచ్చే పట్టికలో ప్రతి రకం వస్తువుకూ పరిమితి, వాడకం, విఫలమైన అభ్యర్థనలు పక్కపక్కనే ఉంటాయి. ఫెయిల్ అన్న నిలువు వరుసలో సున్నా కాని అంకె కనిపించిన చోట మాత్రమే పరిమితిని పెంచే ఆలోచన చేస్తాను, మిగతావాటిని వదిలేస్తాను. నా అసంతృప్తి ఒక్కటే. 32 బిట్ల కాలపు కేమెమ్ సలహాలు ఏ విడుదలకో, ఏ ప్రాసెసర్‌కో చెప్పకుండా ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. 15.0 నుంచి 32 బిట్ పీసీలకు విడిగా వ్యవస్థను విడుదల చేయడమే మానేశారు, కానీ ఆ 330 ఎంబీ వరుస కిందటి నెలలో కూడా ఒక స్నేహితుడి 16 జీబీ యంత్రంలో నా కంటపడింది. తీయించేశాను.