తిలక్ రోడ్డు మిద్దె మీది కంప్యూటర్ రిపేరు అంగడి

తిరుపతి తిలక్ రోడ్డు పక్క సందులో, కింద స్టేషనరీ అంగడి, పైన ఇది. బోర్డు మీద అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి. ‘మిద్దె మీద కంప్యూటరాయన’ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. మెట్లు నిటారుగా ఉంటాయి, సీపీయూ మోసుకుని ఎక్కడం కష్టమే. అయినా మళ్లీ అక్కడికే పోతాను.

కొర్లగుంటలో నాది చిన్న నెట్ సెంటర్. పిలకాయల హాల్ టికెట్లు, జెరాక్సులు, ఆన్‌లైన్లో 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు మాత్రం కుర్చీ ఖాళీ ఉండదు. సరిగ్గా అలాంటి సమయంలో మెయిన్ సిస్టమ్ మొరాయించింది. ఫ్యాన్ తిరుగుతుంది, లోగో వస్తుంది, విండోస్ గుండ్రాలు కాసేపు తిరిగి నీలం స్క్రీన్ పడుతుంది. ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ (విండోస్ ఉన్న డిస్క్ అందడం లేదు) అని చూపించి, దానంతటదే రీస్టార్ట్ అయి మళ్లీ అదే కథ.

ముందు మా వీధికి దగ్గర్లోని ఒక చోటికి తీసుకెళ్లాను. ఆయన కేసు కూడా విప్పకుండా “హార్డ్ డిస్క్ పోయింది సార్, కొత్తది వేసి ఫార్మాట్ కొట్టాలి, డేటాకి గ్యారంటీ లేదు” అన్నాడు. కస్టమర్ల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఆ మాటకి నాకు టెన్షన్ పట్టుకుంది.

మిద్దె మీది కుర్రాడు ముందు ఒక ప్రశ్న అడిగాడు: “అన్నా, ఈమధ్య కింద మూల టైము, తేదీ తప్పు చూపించాయా?” చూపించాయి! పొద్దున పూట ఏళ్ల కిందటి తేదీ కనపడేది. దర్శనం సైటు తెరిస్తే కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ అడ్డం పడేది. తేదీ సరిచేస్తే తెరుచుకునేది కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు.

డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి, పోయి నన్ను పక్కకి పిలిచి చూపించాడు. అక్కడా పాత తేదీయే. దాని కింద శాటా మోడ్, అంటే బోర్డు హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ‘ఐడీఈ’ అనే పాత రకంలో ఉంది. విండోస్ వేసినప్పుడు అది ‘ఏహెచ్‌సీఐ’ అనే కొత్త రకంలో ఉండేదట. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఉంటుంది కదా, సీఆర్2032, అది అయిపోతే కరెంటు పూర్తిగా తీసేసిన ప్రతిసారీ బోర్డు తన సెట్టింగులు మరిచిపోయి ఫ్యాక్టరీవి తెచ్చుకుంటుంది. మా పాత బోర్డుకి ఫ్యాక్టరీ సెట్టింగు ఐడీఈ. విండోస్‌కి ఆ మోడ్‌లో డిస్క్ దొరకక నీలం స్క్రీన్. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఎస్ఎంపీఎస్ (సీపీయూలోని కరెంటు సప్లై డబ్బా) నుంచి వచ్చే కాస్త వోల్టేజీ గడియారాన్ని నడిపిస్తుంది కాబట్టి పగలంతా బాగానే ఉండేది. రాత్రి అంగడి మూసేటప్పుడు మా ఆవిడ మెయిన్ ఆపేస్తుంది. అందుకే పొద్దున పూటే ఈ గోల!

మోడ్ మార్చి ఎఫ్10 కొట్టి సేవ్ చేయగానే విండోస్ లేచింది. మీటరు పెట్టి చూపించాడు, మూడు వోల్టులు ఉండాల్సిన బ్యాటరీ రెండు కూడా చూపలేదు. కొత్తది వేసి, సెట్టింగులు సరిచేసి, కరెంటు తీగ పీకి అరగంట పక్కన పెట్టాడు. టైము నిలబడిందా లేదా చూసిగానీ నాకివ్వలేదు. నాకు బాగా నచ్చింది ఇదే. హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూపే సాఫ్ట్‌వేర్ కూడా నడిపాడు, ‘గుడ్’ అనే వచ్చింది. “పాతదే అన్నా, బ్యాకప్ తీసుకో, మార్చే పని ఇప్పుడు లేదు” అన్నాడు. బ్యాటరీకి 50, చూసినందుకు 250 తీసుకున్నాడు. బేరమాడితే తగ్గడు.

లోపాలూ ఉన్నాయి. ఫోన్ ఎత్తడు. అడిగితే తప్ప బిల్లు రాయడు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆ సందులోకి ఆటో కూడా రాదు. ల్యాప్‌టాప్ బోర్డులో చిప్ పని పడితే చెన్నై రిచీ స్ట్రీట్‌కి పంపిస్తాడు, ఎప్పుడొస్తుందో చెప్పలేడు. అలాంటి పని ఉంటే ముందే అడగండి.

ఇంకో మాట. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. నాది రెండో తరం ఐ3 ప్రాసెసర్, దానికి విండోస్ 11 అధికారికంగా రాదు. ఏదో కిటుకు చేసి ఎక్కించమని అడిగాను. “డబ్బుల లావాదేవీలు చేసే మిషన్ అన్నా, వద్దు” అని కొత్త సిస్టమ్‌కి అంచనా రాసిచ్చాడు. దాని గురించి ఇంట్లో ఇంకా మాట్లాడుకుంటున్నాం.