వేసవి సెలవులు: సిటీ స్టూడియోలోనా, పొందూరులోనా?

శ్రీకాకుళం, విజయనగరం నుంచి డిజైన్ కోర్సుకు వెళ్లిన పిల్లలకు వేసవి వస్తే ఒకటే టెన్షన్. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇంటర్న్‌షిప్ చేయాలా, ఇంటికొచ్చి చేతిపనివాళ్ల దగ్గర కూర్చోవాలా?

స్టూడియోలో గడువులు, క్లయింటుతో మాట్లాడే తీరు అలవాటవుతాయి. కానీ అద్దె, తిండికే స్టైపెండ్ అయిపోవచ్చు. కొన్నిచోట్ల వేరేవాళ్ల డిజైన్లకు సైజులు మార్చడంతోనే సెలవులు గడిచిపోతాయి.

శ్రీకాకుళం జిల్లాలో చేనేత ఖద్దరుకు పేరున్న పొందూరు సంగతి వేరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లు నలకలు తీసేసి పీచును వరసలో పెడతాయి. ఆ తర్వాతే ఏకడం (దూదిని విడదీసి మెత్తగా చేయడం), వడకడం; నూరు కౌంటు దాటిన నూలు కూడా చేత్తోనే తీస్తారు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం). పరికరం మారితే బట్ట ఎలా మారుతుందో క్లాసులో స్లైడు చూస్తే అర్థం కాదు, పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. బట్టలు కాదు, వస్తువుల డిజైన్ చదువుతున్నారా? బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి వెళ్లండి. ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు.

స్కెచ్‌బుక్కు, టేపు పట్టుకెళ్లండి. ఫోటోకి ముందు అడగండి. పని ఆపించి ప్రశ్నలు వేస్తే వాళ్ల కూలీ పోతుంది, అది మరీ అన్యాయం.

మొదటి రెండేళ్లలో నా ఓటు పొందూరుకే. చివరి ఏడాదికి ముందు మాత్రం స్టూడియోకే వెళ్లండి, ఉద్యోగమిచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఆ అనుభవాన్నే.