జాకీ ఊపా, గుర్రం ఫామా?

పందెం కాసేటప్పుడు దేన్ని నమ్మాలి: గుర్రాన్ని నడిపే జాకీ వరుస గెలుపుల ఊపునా, గుర్రం పాత పరుగుల్లో చూపిన ఫామునా? చిత్తూరు నుంచి బెంగళూరు గుర్రప్పందేలకు పోయే మనోళ్ల మధ్య తెగని పంచాయితీ ఇది.

శ్రమ: జాకీ వరుస గెలుపులు చూస్తే చాలు. గుర్రానికైతే దూరం, మోసే బరువు, ట్రాక్ తడి, పాత పరుగులు అన్నీ చదవాలి.

ఖర్చు: ఊపు మీదున్న జాకీ వెంట జనం ఎగబడతారు, రేటు, అంటే గెలిస్తే చేతికొచ్చే లాభం, పడిపోతుంది. 1996 సెప్టెంబరు 28న ఇంగ్లండ్‌లోని ఆస్కాట్ రేసుల్లో జాకీ ఫ్రాంకీ డెటోరి వరుసగా ఆరు గెలిచాడు. ఏడో రేసులో అతను ఎక్కిన గుర్రం ఫుజియామా క్రెస్ట్ రేటు పొద్దున 12కి 1 (రూపాయి కాస్తే పన్నెండు లాభం). పరుగు మొదలయ్యేసరికి 2కి 1. గెలిచింది, నిజమే. కానీ పొద్దుటికీ సాయంత్రానికీ గుర్రమేమీ మారలేదుగా!

రిస్క్: గెలిచే జాకీకే మంచి గుర్రాలు దక్కుతాయి. మనం ఊపు అనేది చాలావరకు అదేనని నా అనుమానం. ఫామూ మోసం చేస్తుందనుకోండి.

ఎవరికేది: గుర్రాలు సమఉజ్జీలై, సందు దొరికేదాకా ఓపిక పట్టాల్సిన రేసులో జాకీ. బరువు పెరిగినా, దూరం మారినా గుర్రమే.