కంబర్‌నాల్డ్ గడియారం కింద మావాడు

స్కాట్లాండ్ అనగానే మనవాళ్ళకి ఎడిన్‌బరా కోట, లాక్ నెస్, స్కై దీవి, అంతే కదా. ఇండియా నుంచి వచ్చే చుట్టాల పుణ్యమా అని ఆ మూడూ మేము నాలుగేసి సార్లు చూసేశాం, కోటలో గైడ్ నోరు తెరిచేలోపే మా ఆవిడ చెప్పేస్తుంది. అందుకని ఈసారి ఎండాకాలం స్కూళ్ళకి సెలవులిచ్చాక నేను గ్లాస్గో దగ్గరున్న కంబర్‌నాల్డ్ అన్నా. "అక్కడేముందండీ?" అంది. చూడ్డానికైతే ఏమీ లేదు, కానీ 'గ్రెగరీస్ గర్ల్' తీసింది ఆ ఊళ్ళోనే. 1981 సినిమా, డైరెక్టర్ బిల్ ఫోర్సైత్. చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలియని ఓ పొడుగు కుర్రాడు, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో తన ప్లేస్ కొట్టేసిన అమ్మాయి మీదే మనసు పారేసుకుంటాడు, అంతే కథ. విలన్ లేడు, ఫైట్ లేదు, నేను ఇప్పటికి ఆరుసార్లు చూశా.

విచిత్రమేంటంటే పదిహేనేళ్ళ మావాడు వెంటనే "నేనూ వస్తా" అన్నాడు. మామూలుగా పక్క వీధిలో పెళ్ళికి రమ్మన్నా కడుపునొప్పి వచ్చే బాపతు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

మేముండే అబర్డీన్ నుంచి గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌ స్టేషన్‌కి రైల్లో రెండున్నర గంటల పైనే. స్కాట్‌రైల్‌లో పీక్ టైమ్ ఎక్కువ రేట్లు 2025 సెప్టెంబర్ నుంచి తీసేశారు కాబట్టి పొద్దున్నే బయల్దేరినా జేబుకి చిల్లు పడలేదు. సీట్లు బాగున్నాయి, టీ మాత్రం దేవుడికే తెలియాలి. రాత్రి గ్లాస్గోలోనే ఉన్నాం, స్టేషన్‌కి నడిచే దూరంలో ఒక బడ్జెట్ హోటల్, ఫ్యామిలీ రూమ్ 92 పౌండ్లు. కిటికీ తీస్తే ఎదురుగా గోడ, ఆ గోడకి ఒక పైపు, ఆ పైపు మీద రాత్రంతా ఒక సీగల్. పక్కలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు బ్రహ్మాండం, నిద్ర మాత్రం ఆ పక్షి దయ. అయినా కంబర్‌నాల్డ్‌లో రూమ్ తీసుకోమని ఎవరికీ చెప్పను, గ్లాస్గోలో ఉండి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చెయ్యడమే మేలు, రైలు అరగంట కూడా పట్టదు.

ఇక ఊరు. 1955లో గ్లాస్గో జనాభా ఒత్తిడి తగ్గించడానికి న్యూ టౌన్‌గా ప్రకటించారు, కార్లకి ఒక దారి మనుషులకి ఒక దారి అన్న పద్ధతిలో కట్టారు. అందుకే ఎక్కడ చూసినా అండర్‌పాస్‌లు, ఫుట్‌బ్రిడ్జిలు. స్టేషన్ నుంచి టౌన్ సెంటర్‌కి ఇరవై నిమిషాలనుకుని బయల్దేరి, ఒకే అండర్‌పాస్‌లోంచి రెండుసార్లు బయటికొచ్చాం. ఆ సెంటర్ కాంక్రీట్ ఓడలా ఉంటుంది, స్కాట్లాండ్‌లో మరీ దిగులుపుట్టించే ఊరు అని 2001లోనూ 2005లోనూ వెక్కిరింపు అవార్డు కూడా ఇచ్చారు పాపం. కౌన్సిల్ వాళ్ళు కూల్చి కొత్తది కట్టే ప్లాన్‌లో ఉన్నారు, చూడాలనుకుంటే తొందరగా చూడండి. నాకైతే నచ్చింది, మొహమాటానికి చెప్పట్లేదు. ఇంత బూడిదరంగు ఊళ్ళో అంత పచ్చటి సినిమా ఎలా తీశాడా అనిపించింది.

లోపల షాపింగ్ సెంటర్లో ఒక పెద్ద గడియారం వేలాడుతుంటుంది, గ్లాస్గోలో 1966లో మూసేసిన సెయింట్ ఈనోక్ స్టేషన్‌ది. సినిమాలో గ్రెగరీ ఆ అమ్మాయి కోసం నిలబడేది దీని కిందే. ఆమె రాదు, ఇంకో అమ్మాయి వస్తుంది, ఆమె వీణ్ణి మరొకరికి అప్పజెబుతుంది, అలా చేతులు మారుతూ పోతాడు. ఇదంతా నేను కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ చెబుతుంటే, ఈ సినిమాని అమెరికా వాళ్ళకి యాస తగ్గించి మళ్ళీ డబ్బింగ్ చేశారు తెలుసా, శ్రీకాకుళం యాసని విజయవాడ కోసం డబ్బింగ్ చేసినట్టు, అని నేను ఊపులో ఉండగా, మావాడు "నాన్నా మీరిద్దరూ ఆ స్కూల్ చూసి రండి, నేనిక్కడే ఉంటా" అన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. మావాడి చొక్కా, ఇస్త్రీ!

సినిమా తీసిన ఆ స్కూల్ అంటే అబ్రాన్‌హిల్ హై, 2014లో మూసేశారు, తర్వాత కూల్చేశారు, చూడ్డానికి ఏమీ మిగల్లేదు. ఆ ముక్క వాడికి ముందే తెలుసు, గూగుల్ చేసి మరీ పంపాడు మమ్మల్ని. సగం దారిలోనే మా ఆవిడకి వెలిగింది, "పోయినేడాది వాళ్ళ క్లాస్ నుంచి వెళ్ళిపోయిన అమ్మాయి ఈ ఊరే కదండీ" అంది. వెనక్కి తిరిగాం.

చెప్పుకోడానికి సిగ్గే గానీ, స్తంభం వెనక నిలబడి చూశాం. గడియారం కింద వీడు, రెండు చేతుల్లో రెండు ఐర్న్ బ్రూ సీసాలు. (ఆ నారింజరంగు డ్రింక్ తయారయ్యేది ఈ ఊళ్ళోనే, అదొక్కటే నేను వాడికి చెప్పిన వాటిల్లో పనికొచ్చినట్టుంది.) ఎడమ చేతిలోది కుడి చేతికి, కుడి చేతిలోది ఎడమకి మార్చుకుంటున్నాడు. అమ్మాయి వచ్చింది, వాళ్ళమ్మతో, తమ్ముడితో. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు. వినబడిన ఒకే ఒక్క మాట "కెమిస్ట్రీ". వెళ్ళేటప్పుడు వీడు చెయ్యి ఊపబోయాడు, చేతిలో సీసా ఉంది, సీసానే ఊపాడు.

తర్వాత కంబర్‌నాల్డ్ హౌస్ పార్క్‌కి వెళ్ళాం. విలియం ఆడమ్ అనే ఆర్కిటెక్ట్ 1731లో కట్టిన ఇల్లు, చుట్టూ చెట్లు, ఊరు మొత్తానికి ఫ్యామిలీతో కూర్చోదగ్గ చోటు ఇదే. మిడ్జెస్ అని కనబడని దోమలు కుడతాయి, ఫుల్‌హ్యాండ్స్ వేసుకోండి. మావాడు గడ్డి మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు ఆకాశం చూశాడు, మేమేమీ అడగలేదు.

తిరుగు రైల్లో వాడే ఒక సీసా మూత కూడా తియ్యనిది నా ఒళ్ళో పెట్టాడు. "తనకి ఇది నచ్చదంట నాన్నా." అచ్చం దగ్గుమందులా ఉంది. గ్లాస్గో వచ్చేలోపు మొత్తం తాగేశా.